పెన్సిల్‌తో రాసిన తేదీ

మా హెడ్మాస్టారి చొక్కా జేబులో ఎప్పుడూ మూడుండేవి. ఒక నీలం ఇంకు పెన్ను, ఒక ఎర్ర పెన్ను, బొటనవేలంత పొడుగున్న పెన్సిలు ముక్క. పెన్నులు మిగతా మాస్టార్ల జేబుల్లోనూ ఉండేవి. పెన్సిలు ముక్క ఎందుకో నాకు పదో తరగతికి వచ్చాకే తెలిసింది.

కోనసీమలో ముమ్మిడివరం నుంచి కాస్త లోపలికి వెళ్తే మా ఊరు. బోర్డు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని రాసి ఉన్నా, ముసలివాళ్లు ‘బోర్డు స్కూలు’ అనే అనేవారు. జిల్లా పరిషత్తులు వచ్చింది 1959లో. అంతకుముందు జిల్లా బోర్డు కింద ఉన్నప్పటి పేరు అలా నోళ్లలో ఉండిపోయింది. ముందు పొడుగాటి పెంకుల హాలు, దాంట్లో తడికలు అడ్డం పెట్టి నాలుగు క్లాసులు, ఓ మూల ఆఫీసు గది. వెనకాల తర్వాతెప్పుడో కట్టిన రెండు స్లాబు గదులు. ఎటు చూసినా కొబ్బరి చెట్లు.

మాస్టారి పేరు ఇక్కడ రాయడం లేదు. రిటైరయ్యేటప్పుడు పేపర్లో ఫొటో వేయిస్తామంటేనే ఒప్పుకోని మనిషి. ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకి పెట్టుకోమని తోటి మాస్టార్లు చాలాసార్లు పోరారట. “నేను బాగా పని చేస్తున్నానని నేనే దరఖాస్తు రాసుకోవాలా?” అని ఆ కాగితం పక్కన పెట్టేసేవారట. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో బి.ఇడి. చదివి, ఇరవై ఏళ్లకు పైగా ఊరూరా తిరిగి, 1988లో మా ఊరికి హెడ్మాస్టరుగా వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల పొట్టి చేతుల చొక్కా, హెర్క్యులస్ సైకిలు, దాని వెనక క్యారేజీకి బిగించిన గొడుగు. తొమ్మిదిన్నరకి గేటు దగ్గర నిలబడేవారు. ఆలస్యంగా వచ్చినవాడిని బయటికి పంపేవారు కాదు, “రాత్రి అన్నం తిన్నావురా?” అని ముందు అడిగేవారు. ఆ ప్రశ్నకి తలదించుకున్నవాడిని మరేమీ అనేవారు కాదు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది 1992 జూన్‌లో, ఆరో తరగతిలో చేరడానికి మా అమ్మతో వెళ్లినప్పుడు. మా నాన్న కొబ్బరి దింపు పని చేసేవాడు. పనిని బట్టి ఊళ్లు మారేవాళ్లం. ఆ మారడంలో నా ప్రైమరీ స్కూలు రికార్డు షీటు ఎక్కడో పోయింది. పుట్టినరోజు ఎప్పుడని మాస్టారు అడిగితే అమ్మకి తెలియదు. అలాంటప్పుడు ఏ స్కూల్లోనైనా జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేవారు. మా తరం వాళ్ల సర్టిఫికెట్లు తీసి చూడండి, సగం మంది ఆ రెండు తేదీల్లోనే పుట్టి ఉంటారు.

“ఏమ్మా, గుర్తుపెట్టుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా. వరదకి ముందా, తర్వాతా?”

“వరదకి శానా ముందండి. దివిసీమ ఉప్పెనొచ్చిన నాలుగో ఏడండి. అట్లతద్ది ఎల్లిన మర్నాడండి. అందరూ ఉయ్యాలలూగుతుంటే నాకు నడుం నొప్పి మొదలైందండి.”

ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో. మాస్టారు వేళ్ల మీద లెక్క వేసుకుని, అటెండర్ని పంపి గుడి పంతులుగారి దగ్గర పాత పంచాంగం తెప్పించారు. ఎదర బెంచీ మీద కూర్చుని మేము అరగంటకు పైగా ఎదురుచూశాం. మా వెనక ఇంకా పదిమంది ఉన్నారు. పంచాంగం వచ్చాక 1981 అక్టోబరులో ఆ తేదీ పట్టుకుని, నీలం పెన్నుతో మెల్లగా రాశారు. “ఇదిగోనమ్మా, మీవాడి పుట్టినరోజు. ఇకనుంచి మర్చిపోకు” అన్నారు. మా ఇంట్లో ఎవరికైనా పుట్టినరోజనేది ఉండటం అదే మొదలు.

నా తర్వాత వరసలో ఉన్నవాడు బలుసుతిప్ప నుంచి వచ్చాడు. మా ఊళ్లో వాళ్ల మేనత్త ఇంట్లో ఉండి చదువుకోడానికి. రిజిస్టర్లో నా కిందే వాడి పేరు. ఆ రోజు నుంచి అయిదేళ్లు ఒకే బెంచీ. వాడి పేరు కూడా రాయను. వాళ్లమ్మ ఇంకా ఉంది.

ఇక పెన్సిలు సంగతి. ఎడ్మిషన్ రిజిస్టర్లో చివర రెండు గళ్లుంటాయి. బడి విడిచిన తేదీ ఒకటి, కారణం ఒకటి. పిల్లాడు వరసగా రాకపోతే కొన్నాళ్లకి హాజరు పట్టీలో పేరు కొట్టేసి, ఇక్కడ తేదీ వేసేయడం రివాజు. మా మాస్టారు ఆ గడిలో వెంటనే పెన్ను పెట్టేవారు కాదు. రాకపోవడం మొదలైన తేదీని పెన్సిలుతో సన్నగా వేసుకునేవారు. సాయంత్రం సైకిలెక్కి ఆ ఇంటికి వెళ్లేవారు. పిల్లాడో పిల్లో తిరిగొస్తే మర్నాడు రబ్బరుతో చెరిపేసేవారు. ఎన్నిసార్లు తిరిగినా ఫలితం లేదని తేలాకే, చాలా నెలల తర్వాత, పెన్సిలు మీద ఇంకు దిద్దేవారు. ఈ సంగతి మాకు చెప్పింది అటెండరు. “మాస్టారు ఇంకు దిద్దిన రోజు టీ కూడా తాగరురా” అన్నాడు.

ఆడపిల్లల కోసమైతే ఆయన వాళ్లమ్మలతోనే మాట్లాడేవారు. ఎనిమిదో క్లాసులో మానేసిన పిల్లల్ని ముగ్గురిని అలా వెనక్కి తెచ్చారు. వాళ్లలో ఒకావిడ ఇప్పుడు మా మండలంలోనే నర్సు.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. రేడియోలో తుఫాను హెచ్చరిక చెబుతూనే ఉన్నారు గానీ, ఎన్ని వాయుగుండాలు చూడలేదని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మాస్టారు పట్టించుకున్నారు. మధ్యాహ్నం లాంగ్‌బెల్ కొట్టించి మమ్మల్ని ఇళ్లకు పంపేశారు. సాయంత్రం గాలి తిరుగుతుండగా అటెండర్ని వెంటేసుకుని మా పేటకి వచ్చారు. మావన్నీ తాటాకిళ్లు. “సామాను తర్వాత చూసుకోవచ్చు, ముందు పిల్లల్ని తీసుకుని స్లాబు గదుల్లోకి నడవండి” అని ఒక్కో గుమ్మం ముందూ నిలబడి అరిచారు. గొడుగు అప్పటికే విరిగిపోయింది. మా నాన్న రానన్నాడు. మాస్టారు మా చెల్లిని భుజానికెత్తుకుని నడవడం మొదలుపెడితే, ఇక నాన్నా కదిలాడు.

ఆ రెండు గదుల్లో రాత్రంతా రెండు వందల మందికి తక్కువ లేం. గాలి చేసే చప్పుడు మాటల్లో చెప్పలేను. కొబ్బరి చెట్టు విరిగినప్పుడు పెద్ద పెటిలుమనే శబ్దం, ఆ వెంటనే నేల అదురు. ఎనిమిది, తొమ్మిది మధ్య హాలు మీది పెంకులు లేవడం మొదలైంది. ఒక్కొక్కటిగా కాదు, వరసలు వరసలుగా. మాస్టారు చటుక్కున లేచి ఆఫీసు గది వైపు పరిగెత్తారు. అటెండరూ, మా నాన్నా, ఇంకో ఇద్దరూ వెనకే వెళ్లారు. తిరిగొచ్చేసరికి మాస్టారి నుదుటి మీద పెంకు గీసుకుని రక్తం. చేతుల్లో పెద్ద మూట. బీరువాలోంచి ఎడ్మిషన్ రిజిస్టర్లు మూడూ తీసి, గోడకి వేలాడే ప్రపంచ పటాన్ని, వెనక గుడ్డ అంటించి ఉంటుందే ఆ పెద్ద పటాన్ని, చుట్టూ చుట్టేసి తెచ్చారు. నగదు పెట్టె అక్కడే వదిలేశారు.

ఎవరో అడిగారు, ఈ గాలిలో పుస్తకాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏమిటని. “ఇది పోతే మూడు వేల మంది పుట్టనట్టేనయ్యా” అన్నారు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత చూశాను. పింఛను కోసం వయసు నిరూపించుకోవాల్సిన ముసలివాళ్లు, పోర్టులో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు, టి.సి. పోగొట్టుకున్నవాళ్లు, అందరూ ఆ రిజిస్టరు దగ్గరికే వచ్చేవారు. పేదవాడు పుట్టినట్టు రాసి ఉన్న కాగితం మా ఊళ్లో అదొక్కటే.

తెల్లారేసరికి మా ఊరు మా ఊరిలా లేదు. నిలబడ్డ చెట్టు వెతుక్కోవాల్సి వచ్చింది. కోనసీమ మొత్తం అంతే. వెయ్యి మందికి పైగా పోయారు. ఎక్కువ మంది సముద్రం మీదున్నవాళ్లు, తీరం పక్క ఊళ్ల వాళ్లు. భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు రేడియోలో మళ్లీ మళ్లీ వినపడుతుంటే నాకు వాడు గుర్తొచ్చాడు. మంగళవారం సాయంత్రం ఇంటికి వెళ్లాడు. వాళ్ల నాన్నతో మడ అడవుల పాయల్లో రొయ్య పిల్లలు పడితే దీపావళి సామానుకి డబ్బులొస్తాయని చెప్పి వెళ్లాడు.

పటం చుట్టినా రిజిస్టర్లు ఒక మూల తడిశాయి. మూడో రోజుకి ఎండ కాసింది. మాస్టారు స్లాబు గదుల వరండాలో కూర్చుని, పేజీలు ఒక్కొక్కటీ విడదీసి, ఎగిరిపోకుండా పగిలిన పెంకు ముక్కలు బరువు పెట్టారు. కాస్త ఆరాక చాకలి ఇంటి నుంచి బొగ్గుల ఇస్త్రీ పెట్టె తెప్పించి, పైన పాత పేపరు వేసి సన్నటి వేడి మీద తనే ఇస్త్రీ చేశారు. బొగ్గులు ఊదడం నా పని. తడి కాగితం మీద వేడి తగిలితే ఓ రకమైన వాసన వస్తుంది, ఇంకూ బూజూ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గుల ఇస్త్రీ బండి పక్కనుంచి వెళ్తే ఆ వరండా కళ్ల ముందుకు వస్తుంది.

అక్షరాలు అలుక్కుపోయినచోట్ల ఇంకో పుస్తకంలో ఎత్తి రాశారు. పక్కన కూర్చుని నేను చదివి చెప్పేవాణ్ని. ఒకచోట పేరులో సగం పోయింది. నేను ఊహించి పూర్తి చేసి చెప్పాను. ఆయన పెన్ను ఆపేశారు. “కనబడినంతే చెప్పు. నువ్వు ఊహించిన పేరుతో ఆ మనిషి బతకలేడు” అన్నారు. ఆ సగం పేరు మనిషి కోసం పాత టి.సి. పుస్తకాల్లో రెండు రోజులు వెతికారు. దొరికింది.

దీపావళి ఎవరూ చేసుకోలేదు. ఆ నెలంతా పడిన చెట్లు నరికే పని ఉంది. తర్వాత ఏ పనీ లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి అయిదేళ్లు, ఏడేళ్లు పడుతుంది. దింపుడు వాడు అన్నేళ్లు ఏం తింటాడు? రాజమండ్రి వైపు ఇటుక బట్టీలకు పోదామని నాన్న అడ్వాన్సు తీసుకున్నాడు. నేను బడికి వెళ్లడం మానేశాను.

నాలుగో రోజు సాయంత్రం సైకిలు బెల్లు వినపడింది. మాస్టారు లోపలికి రాలేదు. మా ఇంటి ముందు పడి ఉన్న కొబ్బరి మొద్దు మీద కూర్చున్నారు. నాన్న నిలబడే ఉన్నాడు.

“కూర్చోవయ్యా, నువ్వు నిలబడితే నాకు మాట రాదు.”

“ఆయ్, పర్లేదండి మాస్టారండీ.”

“ఎప్పుడు బయల్దేరుతున్నారు?”

“సోమారం అండి.”

“వెళ్లు. నేను ఆపలేను, నీకు నేనేం పని చూపిస్తాను? కానీ వీణ్ని మార్చి దాకా నాకు వదిలేయ్. తిండీ పడకా నేను చూసుకుంటాను. పరీక్షలయ్యాక నీ దగ్గరికే పంపిస్తాను. అప్పుడు బట్టీకే తీసుకెళ్తావో ఇంకేం చేస్తావో నీ ఇష్టం.”

నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మ లోపల్నుంచి, “ఉంచేయండి మావా” అంది. అంతే. చదువు గొప్పతనం గురించి మాస్టారు ఒక్క ముక్క చెప్పలేదు. మా నాన్న పేదరికాన్ని ఆయన ఎదురు పెట్టి వాదించలేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

అలా తొమ్మిది మందిమి బళ్లోనే ఉండిపోయాం. ఊరికి కరెంటు తిరిగి రావడానికి నెల దాటింది. అప్పటిదాకా పెట్రోమాక్స్ లైటు చుట్టూ చదువు. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీ, ఏడాది నుంచీ ఎవరూ రాలేదు. హెడ్మాస్టారు ఇంగ్లీషు చెప్పి, ఆ తర్వాత లెక్కలూ తనే చెప్పేవారు. కొన్ని లెక్కలు ఆయనకీ వచ్చేవి కావు. అమలాపురం వెళ్లి తెలిసినవాళ్ల దగ్గర చెప్పించుకుని వచ్చి మాకు చెప్పేవారు, దాచుకునేవారు కాదు. వాళ్లావిడ, మేము అమ్మగారనేవాళ్లం, తొమ్మిది మందికీ వండి పెట్టేవారు. సహాయం కింద వచ్చిన బియ్యం, చారు, ఆవకాయ. ఆదివారం గుడ్డు. ఆవిడ గురించి ఇంత తక్కువ రాయడం తప్పే. మాస్టారి మంచితనంలో సగం ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

పదకొండు పేపర్లు అప్పుడు. హిందీకి తప్ప అన్నిటికీ రెండేసి. హిందీకి 20 వస్తే పాసు, అయినా దానికే అందరికీ టెన్షన్. ముమ్మిడివరంలో సెంటరు. పరీక్ష రాసినన్నాళ్లూ సెంటరు గేటు బయట చింతచెట్టు కింద ఆయన సైకిలు కనపడేది. ఫలితాలు పేపర్లో నంబర్లు చూసుకునే రోజులు. మా తొమ్మిది మంది నంబర్లూ ఉన్నాయి. ఎర్ర పెన్నుతో ఒక్కో నంబరు చుట్టూ సున్నా చుట్టి, ఆ పేపరు ఆఫీసు గోడకి అంటించారు. మా నాన్న బట్టీ నుంచి వచ్చి ఆ పేపరు ముందు నిలబడి, ఏది నా నంబరో చూపించమన్నాడు. చూపిస్తే వేలితో తడిమాడు. తర్వాత నన్ను బట్టీకి రమ్మనలేదు. సీప్ ప్రవేశ పరీక్ష రాసి, కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమాలో చేరాను.

1999 జూన్ నెలాఖరున ఆయన రిటైరయ్యారు. అప్పటికి యాభై ఎనిమిదికే రిటైర్మెంటు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన ఇంకా లేదు, పంటు మీద గోదావరి దాటి వచ్చాను. ఊరేగిద్దామని ట్రాక్టరు పూలతో సింగారించారు. మాస్టారు ఆఫీసు గదిలోంచి రారు. ఛార్జి అప్పగిస్తున్నారు. తాళాలు, స్టాకు రిజిస్టరు, సర్వీసు పుస్తకాలు అన్నీ తొందరగా అయిపోయాయి. ఎడ్మిషన్ రిజిస్టర్ల దగ్గర మాత్రం కొత్తాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పేజీలు లెక్కపెట్టించారు. ఏ పేజీకి మూల పోయిందో, ఏ పేజీ ఎత్తి రాసిందో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించారు. బయట బ్యాండు మేళం గంటసేపు వాయించి అలిసిపోయింది. ఆ తర్వాత వచ్చి, దండ వేయించుకుని, ట్రాక్టరు ఎక్కకుండా సైకిలు నడిపించుకుంటూ వెళ్లారు. వెనక ఊరంతా నడిచింది.

తర్వాత పదేళ్లకి పైగా బతికారు. ఎవరికైనా పాత రికార్డు కావాలంటే, కనుక్కోలేకపోతున్నామంటే, తనే వచ్చి వెతికిపెట్టేవారట. పోయినప్పుడు నేను విజయనగరం వైపు పనిలో ఉన్నాను. కడచూపు దక్కలేదు.

పోయిన వేసవిలో స్కూలుకి వెళ్లాను. పాస్‌పోర్టు పని మీద, నా ఇంటిపేరు అక్షరాల తేడా గురించి రిజిస్టరు నకలు కావాల్సి వచ్చింది. పెంకుల హాలు ఎప్పుడో తీసేశారు. కొత్త గదులు, రంగులు, టైల్సు, బాగుంది. రికార్డు అసిస్టెంటు చిన్న కుర్రాడు. బీరువా తీసి మూడో రిజిస్టరు బల్ల మీద పెట్టాడు. మూల గోధుమరంగు మరక అలాగే ఉంది. నా పేజీ దొరికింది. అక్టోబరు తేదీ నీలం ఇంకులో, కాస్త వెలిసింది. చివరి గడిలో 1997 నాటి టి.సి. తేదీ. దాని కింద, కాగితాన్ని వెలుతురుకి వంచి చూస్తే, చెరిపేసిన పెన్సిలు గీత. నేను బడి మానేసిన రోజు.

నా కింది వరస చూశాను. వాడి పేరు, వాళ్ల నాన్న పేరు, బలుసుతిప్ప. బడి విడిచిన తేదీ గడిలో పెన్సిలుతో 6-11-96. దాని మీద ఇంకు లేదు. కారణం గడిలో మాస్టారి చేతిరాత, అదీ పెన్సిలే, మూడు వరసల్లో ఇరికించి రాసి ఉంది.

జూన్ 97. ఇంటికి వెళ్లాను.

జూన్ 98. వెళ్లాను.

జూన్ 99. వెళ్లాను. తల్లి ఉంది.

“ఇది ఎవరూ ఫెయిర్ చేయలేదు సార్, ఇంతమంది హెడ్మాస్టర్లు మారినా” అన్నాడు కుర్రాడు. పేజీ తీసుకుని జెరాక్సుకి వెళ్తుంటే, నాకు రెండు కాపీలు తీయమన్నాను.